ఓడ తాత

మహాలయ అమావాస్యకి తర్పణాలు వదిలేటప్పుడు ప్రతి ఏడాదీ నాయన ఒక పేరు దగ్గర ఆగుతాడు. మా ముత్తాత వాళ్ళ నాన్నకి ఒక అన్న ఉండేవాడట, కరువులో ఓడెక్కి పోయాడట, ఆ తర్వాత ఉత్తరం ముక్క లేదు, కబురు లేదు. మనిషి ఎప్పుడు పోయాడో, అసలు ఎక్కడ పోయాడో తెలియనప్పుడు తిథి ఏమని పెడతాం? అందుకని ఆయనకి తద్దినం లేదు. పేరు కూడా ఎవరూ అనరు, ఓడ తాత అంటారు అంతే. నేనూ ఇక్కడ ఆ పేరే వాడతా, అసలు పేరు ఇంటర్నెట్‌లో పెట్టొద్దని నాయన ఒట్టేయించుకున్నాడు.

ఆయన కోసం మూడేళ్ళుగా వెతుకుతున్నా. రోజూ కాదు, ఆఫీసు పని లేని శనివారాలు, నిద్ర పట్టని రాత్రులు. ఈ నెల్లో ఒక కొలిక్కి వచ్చింది కాబట్టి రాస్తున్నా. మంచి కొలిక్కో చెడ్డ కొలిక్కో మీరే చెప్పండి.

మాది పుత్తూరు పక్కన ఒక పల్లె. తాత హయాంలోనే మద్రాసు వచ్చేశాం, నాయన ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు, నేను పుట్టిందీ పెరిగిందీ పెరంబూరులోనే. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం. ఈ వెతుకులాట పిచ్చి నాకు అంటించింది మా పక్కింటి ఆంగ్లో ఇండియన్ అంకుల్. రైల్వేలో డ్రైవర్‌గా చేసిన మనిషి. ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిచి వాళ్ళ ముత్తాత బాప్టిజం, పెళ్ళి, ఆయన తండ్రి అంత్యక్రియలు, అన్నీ 1840ల దాకా వరసగా చూపించాడు. నాకు నోరు తెరుచుకుండిపోయింది. ఎలా సార్ అంటే, చాలా సింపుల్ అన్నాడు. మద్రాసు చర్చిల రిజిస్టర్లకి నకళ్ళు తీసి లండన్ పంపేవాళ్ళట, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఉన్నాయి, మద్రాసు వాటికి ఎన్-2 అని వరస నంబరు. ఇంగ్లండ్‌లోకి వెళ్ళిపోతే ఇంకా సుఖం. విక్టోరియా గద్దెనెక్కిన 1837లోనే అక్కడ జనన మరణాలు, పెళ్ళిళ్ళు సర్కారు నమోదు చెయ్యడం మొదలుపెట్టింది, 1841 నుంచి పదేళ్ళకోసారి ఇంటింటికీ వెళ్ళి పేర్లతో సహా జనాభా లెక్క రాసుకున్నారు. వాటిలో చాలావరకు భద్రంగా ఉన్నాయి.

అదే రాణి, అదే రాజ్యం, మరి మాకూ ఉండాలి కదా అని నేను ఎగిరి దూకా. ఎక్కడ? మన దగ్గర 1871 జనాభా లెక్క ఉంది, 1881ది ఉంది, లావుపాటి సంపుటాలు కూడా ఉన్నాయి, కానీ వాటిలో ఉండేవి అంకెలు. ఏ తాలూకాలో ఎంతమంది, ఏ కులం వాళ్ళు ఎంతమంది, ఎంతమందికి చదువొచ్చు, ఇంతే. ఇంటింటికీ తిరిగి రాసిన కాగితాలు దాచుకోవాలని ఎవరికీ అనిపించలేదు. రాణిగారి రాజ్యంలో మా లాంటి వాళ్ళ పేరు కాగితం మీద పడాలంటే భూమి ఉండాలి, లేదా కోర్టుకెక్కాలి, చర్చిలో చేరాలి, జైలుకి పోవాలి. అదీ కాకపోతే ఓడెక్కాలి. మా తాత ఓడెక్కాడు కాబట్టి బతికిపోయా అనుకున్నా.

చేతిలో ఉన్న ఆధారాలు మూడు. మూడూ మా పెద్దత్త చెప్పినవే. అత్తకి ఎనభై నాలుగు, ఊళ్ళోనే ఉంటుంది, చెవులు కాస్త మందం గానీ జ్ఞాపకం మాత్రం పాదరసం. వాళ్ళ అవ్వ దగ్గర విన్నది విన్నట్టు చెప్తుంది. ఒకటి, ఆయన పోయింది ధాత కరువులో. రెండు, పోయింది మోరీసు దేశానికి. మూడు, చిన్నప్పుడు బెల్లం వండే పెనం దగ్గర ఆడుకుంటూ ఉంటే పాకం ఎగిరిపడి కుడి చెయ్యి కాలింది, మోచేతి కింద అరచెయ్యంత మచ్చ.

మొదటిది బంగారం లాంటి ఆధారం, కానీ నాకు అర్థం కావడానికి వారం పట్టింది. ధాత అంటే దాతలు అన్నం పెట్టిన కరువేమో అనుకున్నా, నవ్వకండి. ధాత నామ సంవత్సరం! 1876 ఉగాది నుంచి 1877 ఉగాది దాకా. దక్షిణాదిని తుడిచిపెట్టిన 1876-78 మహా కరువు. తమిళ మిత్రులు కూడా దాన్ని తాదు వరుష పంజం అనే అంటారు, అదే మాట. ఆ కరువులో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, పనికొచ్చిన మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని తేల్చాడు. పౌను అంటే అరకేజీ కూడా లేదు. మద్రాసులో కూవం నుంచి అడయారు దాకా బకింగ్‌హామ్ కాలువ ముక్క, ఎనిమిది కిలోమీటర్లు, ఆ కరువు పనిలో తవ్విందే. నేను రోజూ ఎమ్‌ఆర్‌టీఎస్ రైల్లో ఆ కాలువ పక్కనే ఆఫీసుకి పోతా, ముక్కు మూసుకుని. ఇది తెలిశాక కూడా ముక్కు మూసుకోవడం మానలేదు, కాకపోతే కిటికీలోంచి చూస్తున్నా.

రెండో ఆధారం నా ఎనిమిది నెలలు తినేసింది. మోరీసు అంటే మారిషస్సే కదా. అక్కడ మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస కూలీల రిజిస్టర్లు ఉన్నాయి, కొందరికి ఫోటోలు కూడా ఉన్నాయి. ఫోటో అనగానే నాకు ఆశ పుట్టింది. మెయిళ్ళు రాశా, అక్కడి తెలుగువాళ్ళని పట్టుకున్నా. బర్మాలో లాగే అక్కడ కూడా మనవాళ్ళని కోరింగా రేవు పేరుమీద కోరంగీలు అనేవాళ్ళని అప్పుడే తెలిసింది. ఆ రేవు గోదావరి పక్కది, మావాళ్ళకీ దానికీ సంబంధం లేదు. చివరికి ఏమీ తేలలేదు. ఈ మధ్యలోనే డబ్బులిస్తే ఏడు తరాలు తీస్తామన్న ఒక వెబ్‌సైట్‌కి పన్నెండు వేలు సమర్పించుకున్నా. వాళ్ళు పంపిన పీడీఎఫ్‌లో మా వంశం ఏకంగా విజయనగరం రాయల దగ్గర మొదలైంది. కింద క్యూఆర్ కోడ్, బంగారు బోర్డరు. నాయన దాన్ని చూసి, ఫ్రేము కట్టించరా, వంటింట్లో పెడదాం, అన్నాడు.

దారి మార్చింది ఎగ్మూర్. తమిళనాడు ఆర్కైవ్స్ అక్కడే, స్టేషన్ ఎదురు రోడ్డులో ఎర్ర భవనం. అప్లికేషన్ పెట్టి, పరిశోధన దేనికో రాసిచ్చి, లోపలికి పోయా. మద్రాసు నుంచి వలస వెళ్ళిన వాళ్ళ మీద ఏటా రాసిన రిపోర్టులు అడిగా. పేర్లుండవు, అంకెలే. కానీ ఆ అంకెల పక్కన దేశాల పేర్లు చూసేసరికి బుర్ర వెలిగింది: సముద్రం దాటి పోవడానికి మారిషస్ ఒక్కటే లేదు. ఊళ్ళో వాళ్ళకి నీళ్ళ అవతల ఉన్నదంతా మోరీసే అయ్యుంటుంది. మా అవ్వకి అమెరికాలో ఉన్నవాళ్ళూ ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళూ అందరూ అమెరికావాళ్ళే కదా, అలాగే ఇది.

అప్పుడు నటాల్ వైపు తిరిగా. ఇప్పటి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం. అక్కడ చెరకు తోటలకి కూలీలు కావాలని, మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచే వెళ్ళింది, 342 మందితో, 1860 నవంబర్ 16న డర్బన్‌లో దిగింది. 1866లో ఆపేసి మళ్ళీ 1874లో మొదలుపెట్టారు. 1911 దాకా మొత్తం 1,52,184 మంది. అందులో మూడింట రెండొంతులు మన మద్రాసు రేవు నుంచే. ఈ ఓడల జాబితాలు భద్రంగా ఉన్నాయి, వాటిని ఎక్కించిన కంప్యూటర్ జాబితాలు కూడా దొరుకుతాయి. ఒక్కొక్కరికీ ఒక కలోనియల్ నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. నాకు ఒళ్ళు జలదరించింది. మా ఇంట్లో పేరు కూడా పలకని మనుషుల ఎత్తు కొలిచి, మచ్చలు లెక్కపెట్టి రాసుకున్నారు వాళ్ళు. ప్రేమతో కాదులెండి, పారిపోతే పట్టుకోవడానికి.

ఇక్కడ నాలాంటి వాళ్ళకి పనికొచ్చే మాట ఒకటి. చిత్తూరు జిల్లా అని వెతికితే ఏమీ రాదు, ఎందుకంటే చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. అంతకుముందు అదంతా నార్త్ ఆర్కాట్, చిత్తూరు దానికి ముఖ్య పట్టణం. నేను రెండు నెలలు చిత్తూరు, చిత్తూరు అని కొట్టుకున్నా. రెండోది, పేర్లు. వెంకటస్వామి వెంకట్‌సామి అవుతాడు, అప్పలస్వామి అప్పల్‌సామి, మునుస్వామి మూన్‌సామి, నాయుడు నైడూ. చెప్పేవాడు తెలుగు, మధ్యలో అడిగేవాడు బహుశా తమిళం, రాసేవాడు ఇంగ్లీషు. విన్నది విన్నట్టు రాసేశారు. ఆ అక్షరాలు కళ్ళతో చదివితే ఏమీ అర్థం కాదు, పైకి చదవాలి, అదీ కొంచెం ఆవులిస్తున్నట్టు, చివరి అక్షరం మింగేస్తూ.

ఇది నాకు నేర్పింది అత్తే. 1876, 77, 78లో వెళ్ళిన వాళ్ళలో నార్త్ ఆర్కాట్ వాళ్ళని వడబోసి, తండ్రి పేరు కాస్త దగ్గరగా ఉన్నవాళ్ళని ఏరితే పదకొండు మంది మిగిలారు. వాళ్ళ ఊళ్ళ పేర్లు మ్యాప్‌లో ఎక్కడా లేవు. ఒక ఆదివారం అత్తకి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, ఒక్కొక్క పేరూ ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదివా. మొదటి నాలుగింటికీ "ఏమోరా, అదేం ఊరు" అంది. ఐదోది చదివేసరికి ఒక్క క్షణం ఆగి "మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పా. "ఆ, మన ఊరే కదరా, పాత పేరు. చెరువు తెగిపోయి ఊరు ఇవతలికి రాకముందు అట్లనే అనేవాళ్ళంట." నాకు ఆ పాత పేరు తెలీదు. నాయనకీ తెలీదు. డెబ్బై ఏళ్ళుగా ఎవరూ వాడని పేరు, ఒక దొర గుమాస్తా రాసిన తప్పుడు స్పెల్లింగ్‌లోంచి లేచొచ్చింది.

ఆ వరస ఇలా ఉంది. పేరు సరిపోయింది, స్పెల్లింగ్ వంకరే. తండ్రి పేరు సరిపోయింది. వయసు 24. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. గుర్తులు: కుడి ముంజేతి మీద కాలిన మచ్చ.

బెల్లం పాకం మచ్చ, చెరకు తోటకి పోయినవాడి చేతి మీద. నేను కుర్చీలోంచి లేచి వంటింట్లోకి పోయి ఊరికే మంచినీళ్ళు తాగి వచ్చా. అర్ధరాత్రి ఒకటిన్నర, ఎవర్ని లేపాలో తెలీలేదు. పక్కింటి అంకుల్‌కి మెసేజ్ పెట్టా, ఆయన వెంటనే బొటనవేలు గుర్తు పంపాడు, ఆయనకీ నిద్ర పట్టదు.

పొద్దున నాయనకి చూపించా. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. అప్పటికి మద్రాసు హార్బర్ పూర్తి కాలేదు, ఓడలు దూరంగా లంగరేసి ఆగేవి, మనుషుల్ని మసులా పడవల్లో అలల మీదుగా తీసుకెళ్ళి ఎక్కించేవాళ్ళు, ఆ పడవ పలకలకి మేకులుండవు, కొబ్బరి తాళ్ళతో కుడతారు, అని నేను చదివిందంతా ఊదరగొడుతున్నా. నాయన వినట్లేదు. వేలు కింది వరస మీద పెట్టి, "ఇదెవరు?" అన్నాడు.

తర్వాతి నంబరు. ఆడమనిషి, వయసు 20, జిల్లా సేలం. పక్కన, పై నంబరు వాడి భార్య అని.

ఇక్కడ పెద్దవ్వ గురించి చెప్పాలి. ఓడ తాత పోయేటప్పటికి పెళ్ళయింది, పెళ్ళాం ఊళ్ళోనే ఉంది. ఆవిడే పెద్దవ్వ. పిల్లల్లేరు. మా అత్త వాళ్ళ అవ్వ కొత్త కోడలిగా వచ్చినప్పటికి పెద్దవ్వకి యాభై దాటింది. నుదుటి మీద రూపాయి బిళ్ళంత కుంకుమ, కాళ్ళకి మెట్టెలు. మొగుడు పోయాడని ఎవరూ చెప్పలేదు కాబట్టి తియ్యలేదు. పేరంటాలకి పిలిస్తే కొందరు మొహం పక్కకి తిప్పుకునేవాళ్ళట, ఈమె ముత్తయిదువా కాదా అని. ఆవిడ మాత్రం వెళ్ళి తాంబూలం తీసుకుని వచ్చేది. బొట్టుతోనే పోయింది, బొట్టుతోనే సాగనంపారు. ఇది మా ఇంట్లో గొప్పగా చెప్పుకునే కథ.

నేను నాయనకి సర్దిచెప్పబోయా. ఓడలో నూరు మంది మగవాళ్ళకి నలభై మంది ఆడవాళ్ళు ఉండి తీరాలని రూలు, అందుకని ఓడెక్కేముందు కూలీల్ని ఉంచే డిపోలోనే జంటలు కలిపేసేవాళ్ళు, కాగితం మీద భార్య అని ఉన్నంత మాత్రాన నిజంగా అలాగే అనుకోనక్కర్లేదు, కరువులో ఒంటరిగా తిరుగుతున్న ఇరవై ఏళ్ళ పిల్లకి ఒక తోడు అవసరం అయ్యుంటుంది. నాయన కళ్ళజోడు తీసి, "ఇతనెవరో వేరే మనిషి అయ్యుంటాడులే" అని పేపర్ చదువుకోవడానికి వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే ఇంకో మనిషి కూడా ఉన్నాడు, అదే పేరు, 1878 ఓడలో, కానీ తండ్రి పేరు తేడా, మచ్చ గడ్డం మీద. ఆ మనిషినే మా తాత చేసేద్దామా అని ఒక రాత్రంతా నాక్కూడా అనిపించింది. అబద్ధమాడలేకపోయా.

నటాల్‌లో కూలీ ఒప్పందం ఐదేళ్ళు. మొదటి ఏడాది నెలకి పది షిల్లింగులు, అంటే ఐదు రూపాయల పైచిలుకు, తర్వాత ఏడాదికో షిల్లింగు పెరుగుతుంది. ఐదేళ్ళు కట్టుబడి చేసి, ఇంకో ఐదేళ్ళు అక్కడే ఉంటే, వెనక్కి రావడానికి ఓడ ఖర్చు సర్కారుదే. చాలామంది రాలేదు, అక్కడే కూరగాయలు పండించుకుంటూ ఉండిపోయారు, ఇప్పుడు డర్బన్‌లో ఉన్న నైడూలు, రెడ్డీలు వాళ్ళ పిల్లల పిల్లలే. మా వాళ్ళు కూడా అక్కడే ఉంటారు, ఏ ఫేస్‌బుక్ గ్రూపులోనో దొరుకుతారు, వీడియో కాల్‌లో అత్తకి చూపించాలి అని నేను ఊహించుకుంటూ ఉన్నా.

గత నెల్లో, డర్బన్‌లో ఇలాంటి పనులే సరదాగా చేసే ఒక పెద్దావిడ, అసలు రిజిస్టరు పేజీ ఫోటో తీసి పంపింది. కంప్యూటర్ జాబితాలో లేని ఒక చిన్న రాత మార్జిన్‌లో ఉంది, వేరే సిరాతో, వేరే చేతిరాతలో. 1888, మద్రాసుకి తిరిగి వెళ్ళాడు. భార్య, ఇద్దరు పిల్లలు.

తిరిగొచ్చాడు. మద్రాసులో దిగాడు.

నేను ఆ ఫోటోని ఎన్నిసార్లు పెద్దది చేసి చూశానో. సముద్రంలో పోయాడనీ, పాము కరిచిందనీ, దొర కొట్టి చంపాడనీ, మా ఇంట్లో ఒక్కో తరానికి ఒక్కో కథ ఉంది. ఈ కథ ఎవరూ అనుకోలేదు. పోయిన శనివారం రాయపురం వెళ్ళా. స్టేషన్ పాత భవనం ఇంకా నిలబడే ఉంది, దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు 1856లో బయల్దేరింది అక్కడి నుంచే. హార్బర్ ఆ పక్కనే. ఆయన ఓడ దిగిన 1888 నాటికి అరక్కోణం మీదుగా పుత్తూరుకి ఎప్పుడో పట్టాలు పడిపోయాయి. నూరు కిలోమీటర్ల పైచిలుకు. ప్లాట్‌ఫామ్ మీద బెంచీలో కూర్చుని లెక్కేశా, పెద్దవ్వకి అప్పుడు ముప్పై ఏళ్ళుంటాయి.

మద్రాసులో దిగాక కాగితం ఆగిపోతుంది. కూలీగా ఉన్నన్నాళ్ళూ ఒంటి మీద మచ్చ కూడా రాసుకున్నారు, కూలీ కాకుండా పోయాక ఏ దొరకీ ఆయనతో పని లేదు. జనన మరణాలు నమోదు చెయ్యాలని మద్రాసు రాష్ట్రానికి గట్టి చట్టం వచ్చిందే 1899లో. ఆ ఇద్దరు పిల్లలు ఈ ఊళ్ళోనే ఎక్కడో పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని ఉంటే, వాళ్ళ మనవళ్ళు నాతో పాటు బస్సులో వేలాడుతూ ఉండొచ్చు. ఈ మధ్య పెరంబూరు మార్కెట్‌లో మా నాయన ముక్కులాంటి ముక్కు కనబడితే ఆగి చూస్తున్నా. బెండకాయలమ్మే ఆయన ఒకసారి ఎన్న సార్ అని గట్టిగానే అడిగాడు.

నాయనకి చెప్పా. ఏమీ అనలేదు, ఈసారి వేరే మనిషి అని కూడా అనలేదు. అత్తకి చెప్పొద్దన్నాడు. కానీ అత్తే ఫోన్ చేసింది, ఏమైందిరా ఆ పని అని, ఆవిడతో దాచడం నావల్ల కాదు. సేలం ఆడమనిషి సంగతి, పిల్లల సంగతి, 1888, రాయపురం, అన్నీ చెప్పేశా. అవతల చాలాసేపు మాట లేదు, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినబడింది. లైన్ కట్టయిందేమో అనుకున్నా.

"పుత్తూరికి రైలు ఉండిందా అప్పటికి?" అంది.

ఉందత్తా అన్నా.

"టిక్కెట్టు ఎంత ఉండేదిరా?"

తెలీదత్తా, చూసి చెప్తా అన్నా.

"చూడు. నలుగురికీ కలిపి చూడు" అంది.